యూదుల మతాంతరీకరణ యత్నాలు, ఎన్నికల అభ్యర్థుల మతబంధాలు

యేసే మెస్సీయ అని యూదులను ఒప్పించి క్రైస్తవంలోకి తేవడానికి చర్చిలు, మిషనరీ సంఘాలు, కొన్ని కాలాల్లో రాజ్యాలు చేసిన యత్నాలకు దాదాపు 2,000 ఏళ్ల చరిత్ర ఉంది. బోధ, వాదప్రతివాదాలు, పుస్తక ప్రచురణ, వైద్యసేవ ఒకవైపు, నిర్బంధ ప్రసంగాలు, దేశబహిష్కారం, బలవంతపు బాప్తిస్మం మరోవైపు ఆ చరిత్రలో కలగలిసిపోయాయి. యూదుడు ఓటరుగా, అభ్యర్థిగా మారిన ఆధునిక కాలంలో ఇదే విషయం ఎన్నికల్లోకి కొత్త రూపంలో వచ్చింది. పదవి కోరే వ్యక్తి ఏ చర్చికి వెళ్తాడు, ఆ చర్చి యూదుల గురించి ఏం బోధిస్తుంది, ఆ బోధ అతని పాలనలోకి వస్తుందా అన్న ప్రశ్నలు ముఖ్యంగా అమెరికా ఎన్నికల్లో పదేపదే లేచాయి. ఈ రెండు చరిత్రలనూ కలిపే సూత్రం అధికారం. బోధించేవాడి చేతిలో అధికారం లేనప్పుడు వినేవాడు కాదనగలడు. అధికారం ఉన్నప్పుడు అదే బోధ ఆజ్ఞలా వినిపిస్తుంది.

మూలాలు

క్రైస్తవం యూదుల మధ్యే పుట్టింది. యేసు, ఆయన తొలి శిష్యులు, అపొస్తలుడైన పౌలు యూదులే. మొదటి తరంలో మెస్సీయ గురించి నడిచిన వాదం ఒకే ఇంటివాళ్ల మధ్య వాదం. అన్యజనులు పెద్దసంఖ్యలో చేరి, సంఘం సమాజమందిరానికి దూరమైన కొద్దీ అది రెండు మతాల మధ్య వివాదంగా మారింది.

రోమీయులకు రాసిన పత్రికలో 9 నుంచి 11 వరకు ఉన్న అధ్యాయాల్లో పౌలు తన సొంత జనం గతి ఏమిటన్న ప్రశ్నతో పెనుగులాడాడు. దేవుడు తన ప్రజలను విడిచిపెట్టలేదని, ఆయన పిలుపు తిరుగులేనిదని అక్కడ రాశాడు. తర్వాతి శతాబ్దాల్లో రెండు పక్షాలూ ఈ అధ్యాయాలనే ఆశ్రయించాయి. యూదులు చివరకు యేసును నమ్మి తీరతారని ఒక పక్షం వాటిలో చదివింది. యూదులతో దేవుడు చేసిన నిబంధన నేటికీ చెల్లుతుందని మరో పక్షం చదివింది.

యూదు సంప్రదాయం ఈ విషయాన్ని వేరే కోణంలో చూస్తుంది. దానికి మతమూ జనమూ ఒకటే. సీనాయి వద్ద కుదిరిన నిబంధనలో పుట్టినవాడు మరో మతం తీసుకోవడమంటే ఆ జనాన్ని విడిచిపోవడం. ఇష్టపూర్వకంగా మతం వదిలినవాణ్ని హీబ్రూలో మెషుమ్మాద్ అని, బలవంతం వల్ల వదిలినవాళ్లను అనూసీం అని పిలుస్తారు. మొదటి మాటలో నిరసన ఉంది, రెండో మాటలో జాలి ఉంది. రెండింటికీ వేరువేరు పేర్లు పెట్టుకోవలసి వచ్చిందంటే బలవంతం ఎంత తరచుగా జరిగిందో ఊహించవచ్చు.

రాజ్యం మతాన్ని చేపట్టాక

క్రీ.శ. 380లో థియోడోసియస్ శాసనంతో క్రైస్తవం రోమన్ సామ్రాజ్యపు అధికార మతమైంది. యూదులు పాత నిబంధన గ్రంథాలకు సజీవ సాక్షులని, వాళ్లను చంపకుండా బతకనివ్వాలని అగస్టీన్ వాదించాడు. ఈ వాదం వాళ్ల ప్రాణాలను కాపాడింది కానీ సమానత్వం ఇవ్వలేదు. ఆరో శతాబ్దం చివర పోపు మొదటి గ్రెగరీ బలవంతపు బాప్తిస్మాన్ని తప్పుపట్టి, మంచి మాటలతో ఒప్పించాలని బిషప్పులకు రాశాడు. సుమారు 1120లో పోపు రెండో కలిస్టస్ జారీచేసిన శాసనం యూదులకు ఈ రక్షణను స్థిరపరిచింది.

నియమం ఒకటి, ఆచరణ మరొకటి అయింది. ఏడో శతాబ్దపు ఆరంభంలో స్పెయిన్‌ను ఏలిన విసిగోత్ రాజు సిసెబుట్ యూదులకు బాప్తిస్మం తప్పనిసరి చేశాడు. 633లో సమావేశమైన నాలుగో టొలెడో మహాసభ అలాంటి బలవంతం తగదంది. అయితే అప్పటికే బాప్తిస్మం పొందినవాళ్లు క్రైస్తవులుగానే ఉండాలని తీర్మానించింది. లోపలికి నెట్టడం తప్పే, ఒకసారి లోపలికి వచ్చాక బయటికి దారి లేదు అన్న ఈ సూత్రం వెయ్యేళ్లకు పైగా యూదు కుటుంబాలను వెంటాడింది. 1096లో మొదటి క్రూసేడుకు బయలుదేరిన గుంపులు రైన్ నదీతీరంలోని వోర్మ్స్, మైన్జ్ నగరాల్లో యూదులను బాప్తిస్మమా, చావా అని నిలదీశాయి. ఎంతోమంది చావునే ఎంచుకున్నారు. వాళ్ల స్మృతి యూదుల ప్రార్థనల్లో నేటికీ నిలిచి ఉంది.

వాదసభలు, నిర్బంధ ప్రసంగాలు

పదమూడో శతాబ్దంలో డొమినికన్, ఫ్రాన్సిస్కన్ సన్యాసులు ఈ పనిని ఒక పద్ధతిలో చేపట్టారు. హీబ్రూ నేర్చుకున్నారు, యూదుల ధర్మగ్రంథమైన తాల్ముద్ చదివారు, యూదుల గ్రంథాలతోనే యూదులను ఓడించాలని చూశారు. మతం మారిన యూదులే చాలాచోట్ల ఈ వాదాలకు ముందు నిలిచారు. 1240లో పారిస్‌లో జరిగిన వాదసభలో తాల్ముద్‌పై ఆరోపణలు చేసిన నికొలస్ దోనిన్ అలాంటివాడే. ఆ తర్వాత బండ్లకొద్దీ తాల్ముద్ ప్రతులను పారిస్‌లో బహిరంగంగా తగలబెట్టారు.

1263లో బార్సిలోనాలో ఆరగాన్ రాజు మొదటి జేమ్స్ ఎదుట మరో వాదసభ జరిగింది. మతం మారి డొమినికన్ అయిన పాబ్లో క్రిస్టియానీ ఒకవైపు, రంబాన్‌గా పేరొందిన రబ్బీ (యూదు మతగురువు) మోషే బెన్ నహ్మాన్ మరోవైపు కూర్చున్నారు. నిర్భయంగా మాట్లాడేందుకు రాజు రబ్బీకి అనుమతి ఇచ్చాడు. రబ్బీ అలాగే మాట్లాడాడు. వాదాన్ని తర్వాత గ్రంథస్థం చేసినందుకు మాత్రం దైవదూషణ ఆరోపణ ఎదుర్కొన్నాడు. చివరకు దేశం విడిచి 1267లో పాలస్తీనా చేరాడు. రాజు ఇచ్చిన అభయం కూడా అతనికి పూర్తి రక్ష కాలేకపోయింది. 1278లో పోపు మూడో నికొలస్ యూదులకు ప్రత్యేక ప్రసంగాలు చేయించాలని ఆదేశించాడు. ఇంగ్లండులో రాజు మూడో హెన్రీ 1232లోనే మతం మారిన యూదుల కోసం లండన్‌లో ఒక ఆశ్రయగృహం కట్టించాడు. 1290లో ఆ దేశం యూదులందరినీ వెళ్లగొట్టింది.

స్పెయిన్, పోర్చుగల్, గోవా

1391లో స్పెయిన్ నగరాల్లో చెలరేగిన హింసలో వేలాది మంది యూదులు ప్రాణభయంతో బాప్తిస్మం తీసుకున్నారు. 1413, 1414 సంవత్సరాల్లో టొర్టోసాలో నెలల తరబడి నడిచిన వాదసభ మరెందరినో అటువైపు నెట్టింది. ఇలా మారినవాళ్లను కన్వెర్సోలు లేదా కొత్త క్రైస్తవులు అన్నారు. వాళ్లు పదవుల్లోకి, వ్యాపారాల్లోకి ఎదిగే కొద్దీ వాళ్ల విశ్వాసంపై అనుమానం పెరిగింది. శుక్రవారం సాయంత్రం దీపం వెలిగించారా, పందిమాంసం మానేశారా అని పొరుగువాళ్లే కనిపెట్టసాగారు. 1478లో ఏర్పడిన మతవిచారణ సంస్థ అయిన స్పానిష్ ఇన్‌క్విజిషన్ ప్రధానంగా వీళ్లనే విచారించింది. 1492 మార్చి 31న ఫెర్డినాండ్, ఇసబెల్లా యూదులను బహిష్కరిస్తూ శాసనం జారీచేశారు. పోర్చుగల్ చేరినవాళ్లకు అక్కడ 1497లో సామూహికంగా బలవంతపు బాప్తిస్మం ఎదురైంది.

ఈ చరిత్ర భారతదేశ తీరానికీ వచ్చింది. పోర్చుగల్ నుంచి కొత్త క్రైస్తవులు గోవా, కొచ్చిన్ ప్రాంతాలకు వలస వచ్చారు. 1560లో గోవాలో నెలకొన్న ఇన్‌క్విజిషన్, నడుమ కొద్దికాలం ఆగినా, 1812 వరకు సాగింది. భారతీయ ఔషధ మొక్కలపై 1563లో గోవాలో గొప్ప గ్రంథం ప్రచురించిన వైద్యుడు గార్సియా ద ఓర్టా కొత్త క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాడు. ఆయన 1568లో మరణించాడు. మరుసటి ఏడు ఆయన సోదరిని యూదాచారం పాటించిందన్న నేరానికి సజీవదహనం చేశారు. 1580లో ఆయన ఎముకలను కూడా తవ్వితీసి కాల్చారు.

రోమ్ నగరం, మోర్టారా ఉదంతం

మతం మారగోరే యూదులకోసం 1543లో రోమ్‌లో ఒక శిక్షణగృహం నెలకొంది. 1555లో పోపు నాలుగో పాల్ రోమ్ యూదులను గెట్టో అనే ప్రత్యేక వాడలో నిర్బంధించాడు. పదమూడో గ్రెగరీ కాలంలో యూదులు మతప్రసంగాలకు హాజరు కావడం తప్పనిసరైంది. ఈ ఆనవాయితీ 1847లో పోపు తొమ్మిదో పయస్ రద్దుచేసే దాకా ఏదో రూపంలో నిలిచింది.

అదే పోపు హయాంలో 1858 జూన్ 23న బొలోన్యా నగరంలో పోలీసులు ఒక యూదు ఇంటికి వచ్చి ఆరేళ్ల ఎడ్గార్డో మోర్టారాను తల్లిదండ్రుల నుంచి తీసుకుపోయారు. పసితనంలో జబ్బుపడినప్పుడు పనిపిల్ల ఎవరికీ చెప్పకుండా అతనికి బాప్తిస్మం ఇచ్చిందని తెలియడమే కారణం. బాప్తిస్మం పొందిన బిడ్డ యూదు ఇంట పెరగరాదని పోపు రాజ్యపు చట్టం చెప్పింది. తల్లిదండ్రులు ఎంత వేడుకున్నా, ఐరోపా ప్రభుత్వాలు ఎంత చెప్పినా పోపు బాలుణ్ని తిరిగి ఇవ్వలేదు. అతను పూజారిగా మారి 1940లో మరణించాడు. జోక్యం చేసుకోమని అమెరికా యూదులు అధ్యక్షుడు బుకానన్‌ను కోరితే ఆయన నిరాకరించాడు. ఆ నిరాశతోనే మరుసటి ఏడు అమెరికా యూదు సంఘాలు తమ హక్కుల కోసం ఒక ఉమ్మడి ప్రతినిధి మండలిని ఏర్పాటు చేసుకున్నాయి.

ప్రొటెస్టెంట్ మిషనరీ సంఘాలు

సంస్కరణోద్యమ నాయకుడు మార్టిన్ లూథర్ 1523లో యూదులను దయతో చూడాలని రాశాడు. వాళ్లు తన సువార్తకు లొంగలేదు. 1543లో వాళ్ల సినగాగులు తగలబెట్టాలంటూ దారుణమైన పుస్తకం రాశాడు. మతం మారతారన్న ఆశపై నిలిచిన దయ, ఆశ తీరకపోతే ఎటు తిరగగలదో ఆ 20 ఏళ్ల వ్యవధి చూపిస్తుంది.

పద్దెనిమిదో శతాబ్దంలో జర్మన్ పైటిస్టులు మరో దారి పట్టారు. 1728లో యోహాన్ హైన్రిచ్ కాలెన్‌బర్గ్ హాలే నగరంలో యూదుల కోసం ఒక సంస్థను స్థాపించాడు. యిడ్డిష్‌లో పుస్తకాలు అచ్చువేసి, ఊరూరా తిరిగి యూదులతో మాట్లాడే ప్రచారకులను పంపాడు. తెలుగు ముద్రణ చరిత్రకూ ఈ ఊరితో సంబంధం ఉంది. మద్రాసులో పనిచేసి తెలుగు నేర్చిన మిషనరీ బెంజమిన్ షుల్జ్ స్వదేశం చేరాక, 1746 నుంచి హాలేలోనే తొలి తెలుగు క్రైస్తవ పుస్తకాలు అచ్చయ్యాయి. యూదులకూ తెలుగువారికీ వారివారి భాషల్లోనే సువార్త అందించాలన్న ఒకే తపన రెండు పనుల వెనుకా ఉంది.

1769లో స్విస్ పాస్టరు లావాటర్ యూదు తత్వవేత్త మోజెస్ మెండెల్సన్‌కు బహిరంగ సవాలు విసిరాడు. క్రైస్తవ రుజువులను ఖండించు, లేదా మతం మారు అన్నది దాని సారాంశం. ఏ మతస్థుడైనా నీతిగా బతికితే మోక్షానికి అర్హుడేనని తన మతం చెబుతుందని, అందుకే తాను ఎవరినీ మార్చబోనని మెండెల్సన్ మర్యాదగా జవాబిచ్చాడు.

1809లో ఏర్పడిన లండన్ యూదు మిషన్ సంఘం ఈ రంగంలో అతిపెద్ద సంస్థగా ఎదిగింది. బానిసత్వ నిర్మూలనకు పోరాడిన విల్బర్‌ఫోర్స్, కార్మిక సంస్కరణలకు పేరొందిన షాఫ్ట్స్‌బరీ ప్రభువు లాంటి పార్లమెంటు నాయకులు దానికి అండగా నిలిచారు. 1841లో బ్రిటన్, ప్రష్యా కలిసి జెరూసలేంలో ప్రొటెస్టెంట్ బిషప్ పీఠం నెలకొల్పాయి. దాని తొలి బిషప్ మైకేల్ సాలమన్ అలెగ్జాండర్ పూర్వాశ్రమంలో రబ్బీ. యూదులు పాలస్తీనాకు తిరిగి చేరాలన్న రాజకీయ ఆలోచన కూడా బ్రిటన్ క్రైస్తవుల్లో ఈ మిషనరీ వర్గాల్లోనే బలపడింది.

పదవికి అడ్డుపడిన ప్రమాణం

పందొమ్మిదో శతాబ్దపు ఐరోపాలో ఎందరో యూదులు మిషనరీ మాట విని గాక, మూసిన తలుపులు తెరుచుకుంటాయని బాప్తిస్మం తీసుకున్నారు. కవి హైనే 1825లో మారాడు. కార్ల్ మార్క్స్ తండ్రి న్యాయవాద వృత్తిని కాపాడుకోవడానికి మారాడు. తండ్రి నిర్ణయం వల్ల 1817లో పన్నెండేళ్లకు బాప్తిస్మం పొందిన బెంజమిన్ డిజ్రేలీ తర్వాత బ్రిటన్ ప్రధాని కాగలిగాడు.

మారనివారి గతి ఏమిటో లయొనెల్ రోత్‌షీల్డ్ ఉదంతం చెబుతుంది. 1847లో సిటీ ఆఫ్ లండన్ ఓటర్లు ఆయనను పార్లమెంటుకు ఎన్నుకున్నారు. క్రైస్తవుడి నిజవిశ్వాసంపై ప్రమాణం చేయాలన్న నియమం వల్ల ఆయన సీటులో కూర్చోలేకపోయాడు. ఓటర్లు మళ్లీమళ్లీ ఆయననే గెలిపించారు, ఆ నియమాన్ని మార్చే బిల్లును ప్రభువుల సభ మళ్లీమళ్లీ తిప్పికొట్టింది. డిజ్రేలీ తన పార్టీలో అత్యధికుల అభీష్టాన్ని కాదని రోత్‌షీల్డ్ పక్షాన మాట్లాడాడు. 1858 జులైలో చట్టం మారి రోత్‌షీల్డ్ సభలో అడుగుపెట్టాడు. బొలోన్యాలో మోర్టారా బాలుణ్ని ఎత్తుకుపోయి అప్పటికి నెల రోజులే అయింది.

అమెరికాలో మిషన్లు, పదవులు

అమెరికా రాజ్యాంగం ఆరో అధికరణం ఫెడరల్ పదవులకు మతపరీక్షను నిషేధించింది. రాష్ట్రాలు మాత్రం చాలాకాలం తమ పరీక్షలు తాము నిలుపుకున్నాయి. మేరీల్యాండ్‌లో క్రైస్తవుడు కానివాడు పదవి చేపట్టలేకపోయేవాడు. యూదులకు ఆ హక్కు ఇవ్వాలని పోరాడిన శాసనసభ్యుడు థామస్ కెనెడీ స్వయంగా క్రైస్తవుడు. 1823లో క్రైస్తవ అభ్యర్థినంటూ ప్రచారం చేసుకున్న ప్రత్యర్థి చేతిలో ఆయన ఓడిపోయాడు. తిరిగి గెలిచి పట్టు విడవకపోవడంతో 1826లో యూదులకు ఆ హక్కు ఇచ్చే చట్టం అమలులోకి వచ్చింది.

ఇదే కాలంలో మిషన్ సంఘాలూ పుట్టాయి. 1820లో న్యూయార్క్‌లో ఒక సంఘం నమోదుకు వచ్చినప్పుడు దాని పేరులో మతప్రచారం అన్న మాటను శాసనసభ ఒప్పుకోలేదు. యూదుల స్థితిని మెరుగుపరిచే సంఘంగా పేరు మార్చుకుని అది అనుమతి పొందింది. స్వాతంత్ర్య సమర కాలంలో కాంటినెంటల్ కాంగ్రెస్‌కు అధ్యక్షుడిగా పనిచేసిన ఎలియాస్ బౌడినాట్ దాని తొలి అధ్యక్షుడు. దీన్ని ఎదుర్కోవడానికి సాలమన్ జాక్సన్ 1823లో స్థాపించిన పత్రికే అమెరికాలో తొలి యూదు పత్రిక. 1838లో ఫిలడెల్ఫియాలో రెబెకా గ్రాట్జ్ ప్రారంభించిన యూదు ఆదివారపు బడి కూడా, తమ పిల్లలు తమ మతాన్ని తమవాళ్ల దగ్గరే నేర్వాలన్న పట్టుదలతో మొదలైంది. మిషన్ల ఒత్తిడి ఈ విధంగా యూదు సంస్థల నిర్మాణానికే ప్రేరణ అయింది.

1887లో షికాగోలో యూదు మిషన్ నెలకొల్పిన విలియం బ్లాక్‌స్టన్ 1891లో అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్‌కు ఒక మహజరు సమర్పించాడు. రష్యాలో హింసకు గురవుతున్న యూదులకు పాలస్తీనాలో చోటు చూపాలన్నది ఆ వినతి. తర్వాత అధ్యక్షుడైన మెకిన్లీ, ధనికులు రాక్‌ఫెలర్, మోర్గన్ సహా 413 మంది దానిపై సంతకాలు చేశారు. యూదులను మార్చాలన్న కోరిక, యూదులకు దేశం కావాలన్న రాజకీయం ఒకే మనిషిలో కలిసి ఉండటం అప్పటి నుంచి అమెరికా క్రైస్తవ రాజకీయాల్లో కనిపిస్తూనే ఉంది.

హోలోకాస్ట్ తర్వాత

రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు దాదాపు 60 లక్షల మంది యూదులను చంపారు. బాప్తిస్మం పొందినవాళ్లనూ వదల్లేదు. యూదు కుటుంబంలో పుట్టి క్రైస్తవ సన్యాసిని అయిన ఎడిత్ స్టైన్ 1942లో ఆష్విట్జ్‌లో హతమైంది. యుద్ధకాలంలో క్రైస్తవ ఇళ్లలో, మఠాల్లో దాగి ప్రాణాలు దక్కించుకున్న యూదు పిల్లల్లో కొందరికి బాప్తిస్మం ఇచ్చారు. ఫ్రాన్స్‌లో ఫినాలీ సోదరులను పెంచిన స్త్రీ వాళ్లకు బాప్తిస్మం ఇప్పించి బంధువులకు అప్పగించనంది. 1953లో అది దేశాన్నంతా కుదిపిన వివాదమై, చివరకు పిల్లలు బంధువులను చేరారు.

1948లో ఆమ్‌స్టర్‌డాంలో సమావేశమైన ప్రపంచ చర్చిల మండలి యూదుద్వేషాన్ని పాపంగా ఖండించింది. అదే సమావేశం యూదులకు సువార్త ప్రకటించాలనీ కోరింది. కేథలిక్ చర్చి అంతకన్నా దూరం నడిచింది. రెండో వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న ప్రకటించిన నోస్త్రా ఐతాతే పత్రం యేసు మరణానికి యూదులందరినీ బాధ్యులను చేయరాదంది. ముసాయిదాలో ఒక దశలో యూదులు చర్చిలో చేరతారన్న ఆశాభావం కనిపించింది. రబ్బీ అబ్రహం జాషువా హెషెల్ పోపు ఆరో పాల్‌ను కలిసి దాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. తుది పత్రంలో ఆ వాక్యం లేదు. 2008లో పోపు పదహారో బెనెడిక్ట్ పాత లాటిన్ ఆరాధన క్రమానికి రాసిన గుడ్ ఫ్రైడే ప్రార్థనలో యూదులు యేసును గుర్తించాలని ఉండటంతో వివాదం మళ్లీ రేగింది. యూదులను ఉద్దేశించిన సంస్థాగత మిషన్ పనిని కేథలిక్ చర్చి నడపదని, సమర్థించదని 2015లో వాటికన్ సంఘం స్పష్టంచేసింది. దేవుని పిలుపు తిరుగులేనిదన్న పౌలు మాటనే ఆ పత్రానికి శీర్షికగా పెట్టింది. 2016లో జర్మన్ ప్రొటెస్టెంట్ చర్చిల మహాసభ కూడా యూదు మిషన్‌ను నిరాకరించింది.

ఎవాంజెలికల్ సంఘాలు దీనికి ఒప్పుకోలేదు. యూదులను మినహాయిస్తే సువార్త అందరికీ అన్న మాటకు అర్థం ఉండదని 1989 నాటి విల్లోబ్యాంక్ ప్రకటన వాదించింది. 1996లో సదరన్ బాప్టిస్టు మహాసభ యూదులకు సువార్త ప్రకటించాలని ప్రత్యేకంగా తీర్మానించింది. హోలోకాస్ట్ అనంతరం తమ జనసంఖ్యే ప్రశ్నార్థకమైన యూదులకు ఆ తీర్మానం తీవ్ర మనస్తాపం కలిగించింది.

మెస్సియానిక్ ఉద్యమం

యూదుడు క్రైస్తవుడైతే యూదుడిగా ఉండనక్కర లేదన్నది పాత మిషన్ల భావన. 1970ల్లో ఇది తారుమారైంది. సబ్బాతు, పస్కా, హీబ్రూ ప్రార్థనలు పాటిస్తూనే యేసును యెషువా పేరుతో మెస్సీయగా కొలిచే సంఘాలు పెరిగాయి. 1915లో ఏర్పడిన అమెరికా హీబ్రూ క్రైస్తవ కూటమి 1975లో తన పేరులో హీబ్రూ క్రైస్తవ అన్నచోట మెస్సియానిక్ యూదు అని పెట్టుకుంది. యూదు కుటుంబంలో పుట్టి బాప్టిస్టు పాస్టరైన మోయిష్ రోసెన్ 1973లో స్థాపించిన జ్యూస్ ఫర్ జీసస్ సంస్థ వీధుల్లో, విమానాశ్రయాల్లో కరపత్రాలు పంచి ప్రసిద్ధమైంది. లాస్ ఏంజిలస్ విమానాశ్రయంలో అలాంటి ప్రచారాన్ని పూర్తిగా నిషేధించిన నిబంధనను అమెరికా సుప్రీంకోర్టు 1987లో ఏకగ్రీవంగా కొట్టేసింది. యేసును మెస్సీయగా నమ్మడమే సరిహద్దురేఖ అని, దాన్ని దాటినవాళ్ల మతం క్రైస్తవమేనని యూదుమతంలోని ప్రధాన శాఖలన్నీ చెబుతాయి. తమ ఆచారాలనే వేషంగా వాడుకుంటున్నారన్నది వాటి ప్రధాన అభ్యంతరం.

ఎన్నికల్లో అభ్యర్థుల చర్చిలు

1960లో కేథలిక్ అభ్యర్థి జాన్ కెనెడీ హూస్టన్‌లో ప్రొటెస్టెంట్ పాస్టర్ల ఎదుట నిలిచి, తన చర్చి తన పాలనను శాసించదని హామీ ఇచ్చాడు. ఎవాంజెలికల్ ఓటర్లు ఒక రాజకీయ శక్తిగా సంఘటితమైన 1980లో ప్రశ్న తిరగబడింది. ఆ ఏడాది ఆగస్టులో డాలస్‌లో జరిగిన మహాసభలో అభ్యర్థి రోనాల్డ్ రీగన్ ప్రసంగించాడు. అదే సభలో సదరన్ బాప్టిస్టు అధ్యక్షుడు బెయిలీ స్మిత్ యూదుడి ప్రార్థన దేవుడు వినడని అన్నాడు. ఆ మాటపై నిరసన వెల్లువెత్తింది. రీగన్ తాను ఆ అభిప్రాయంతో ఏకీభవించనని చెప్పవలసి వచ్చింది.

2008 ఎన్నికల్లో మూడు వివాదాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. బరాక్ ఒబామా తన పాస్టరు జెరెమయా రైట్ ప్రసంగాలపై మార్చిలో ఫిలడెల్ఫియాలో వివరణ ఇచ్చి, మే నెలాఖరుకు ఆ చర్చి సభ్యత్వం వదులుకున్నాడు. జాన్ మెకెయిన్ తాను కోరి తెచ్చుకున్న పాస్టరు జాన్ హేగీ మద్దతును మే నెలలో తిరస్కరించాడు. యూదులను వాగ్దాన దేశానికి తరమడానికి దేవుడు హిట్లర్‌ను వేటగాడిగా అనుమతించాడన్న అర్థం వచ్చే హేగీ పాత ప్రసంగం బయటపడటమే కారణం. ఇజ్రాయెల్‌కు మద్దతుగా 2006లో పెద్ద సంస్థను స్థాపించి, దాని సభల్లో మతప్రచారాన్ని నిషేధించిన హేగీయే ఈ మాటలు అన్నాడు.

మూడోది ఉపాధ్యక్ష అభ్యర్థి సారా పేలిన్ విషయం. ఆమె ఎంపిక ప్రకటనకు 12 రోజుల ముందు, ఆగస్టు 17న, అలాస్కాలో ఆమె వెళ్లే వాసిల్లా బైబిల్ చర్చిలో జ్యూస్ ఫర్ జీసస్ నాయకుడు డేవిడ్ బ్రిక్నర్ ప్రసంగించాడు. ఇజ్రాయెల్‌లో జరిగిన ఒక దాడిని అవిశ్వాసంపై దేవుని తీర్పుకు ఉదాహరణగా చెప్పాడు. ఆ రోజు పేలిన్ చర్చిలో ఉందన్న వార్త సెప్టెంబరులో యూదు ఓటర్లలో కలకలం రేపింది. బ్రిక్నర్ అభిప్రాయాలు ఆమెవి కావని ప్రచార బృందం ప్రకటించింది. తన మాటలను అపార్థం చేసుకున్నారని బ్రిక్నర్ వివరించుకున్నాడు. వేదికపై మాట్లాడినవాడి మాటకు బెంచీపై కూర్చున్న అభ్యర్థి ఎంతవరకు బాధ్యుడన్న ప్రశ్న మిగిలింది.

2012లో మార్మన్ చర్చి సభ్యుడైన మిట్ రోమ్నీ అభ్యర్థిత్వంతో ఆ చర్చి ఆచారం ఒకటి చర్చలోకి వచ్చింది. మార్మన్ చర్చిలో చనిపోయినవాళ్ల తరఫున బతికున్నవాళ్లు బాప్తిస్మం తీసుకునే పద్ధతి ఉంది. హోలోకాస్ట్ మృతుల పేర్లతో అలా చేయబోమని ఆ చర్చి 1995లో యూదు సంస్థలకు మాట ఇచ్చింది. 2012 ఆరంభంలో నాజీ నేరస్థులను వెంటాడిన సైమన్ వీసెంతాల్ తల్లిదండ్రుల పేర్లతో ఆ క్రతువు జరిగిందని తెలిసింది. చర్చి క్షమాపణ చెప్పింది. నోబెల్ శాంతి బహుమతి గ్రహీత ఎలీ వీసెల్ ఈ విషయంపై నోరు విప్పాలని రోమ్నీని కోరాడు.

2018 అక్టోబరు 27న పిట్స్‌బర్గ్ సినగాగులో ఒక దుండగుడు 11 మందిని కాల్చిచంపాడు. రెండు రోజుల తర్వాత మిషిగన్ రాష్ట్రంలో ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్ పాల్గొన్న ఎన్నికల సభలో ఒక మెస్సియానిక్ నాయకుడు రబ్బీ హోదాలో ప్రార్థన చేశాడు. స్థానిక అభ్యర్థి ఆహ్వానంపైనే ఆయన వచ్చాడని పెన్స్ వర్గం తెలిపింది. చనిపోయినవాళ్లు యూదులుగా చనిపోతే, వాళ్ల కోసం వేదికపై యేసు పేరు వినిపించడం యూదులను గాయపరిచింది.

అభ్యర్థి మతాన్ని ప్రశ్నించడం ఎక్కడ న్యాయం, ఎక్కడ అన్యాయం అన్నదానిపై ఈ ఉదంతాల్లో ఒక గీత కనిపిస్తుంది. ఫలానా చర్చికి వెళ్తాడు కాబట్టి పదవికి తగడనడం మేరీల్యాండ్ పాత పరీక్షను వెనక్కి తేవడమే. పదవి చేతికొచ్చాక పొరుగువాడి విశ్వాసాన్ని సమానంగా గౌరవిస్తావా అని అడగడం ఓటరు హక్కు. 2000లో ప్రధాన పార్టీ తరఫున ఉపాధ్యక్ష పదవికి పోటీపడిన తొలి యూదుడు జో లీబర్‌మన్ తన సబ్బాతు నియమాలను దాచుకోలేదు. కెనెడీ ఇచ్చిన జవాబు, లీబర్‌మన్ బతికి చూపిన పద్ధతి రెండూ ఈ గీతకు లోబడే ఉన్నాయి.

ఇజ్రాయెల్ చట్టాలు

ఇజ్రాయెల్‌లో మతప్రచారం నేరం కాదు. డబ్బు లేదా మరేదైనా లాభం చూపి మతం మార్పించడాన్ని 1977 నాటి చట్టం నిషేధించింది. ఇచ్చేవాడికి ఐదేళ్ల వరకు, పుచ్చుకునేవాడికి మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. యూదులెవరైనా వచ్చి పౌరులు కావచ్చని 1950 నాటి తిరిగిరాక చట్టం చెబుతుంది. యూదుడిగా పుట్టి, నాజీల నుంచి ఎందరినో కాపాడి, కేథలిక్ సన్యాసి అయిన ఆస్వాల్డ్ రుఫైసెన్ ఆ చట్టం కింద పౌరసత్వం కోరితే 1962లో సుప్రీంకోర్టు కాదంది. మరో మతంలో చేరినవాడు దీని పరిధిలోకి రాడని 1970 సవరణ స్పష్టంచేసింది. 1989లో మెస్సియానిక్ యూదులకూ ఇదే వర్తిస్తుందని కోర్టు తీర్పిచ్చింది.

తెలుగు ప్రాంతంతో సంబంధం

గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపంలోని కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయీము అనే చిన్న సమాజం ఉంది. మాదిగ కులానికి చెంది, బాప్టిస్టు క్రైస్తవులుగా ఉన్న ఈ తెలుగు కుటుంబాలు 1980ల చివర యూదాచారాన్ని చేపట్టాయి. తాము ఇశ్రాయేలు తప్పిపోయిన గోత్రాల్లో ఎఫ్రాయీము సంతతివాళ్లమని వాళ్ల విశ్వాసం. సినగాగు కట్టుకుని, హీబ్రూ నేర్చుకుని, సబ్బాతు పాటిస్తున్నారు. క్రైస్తవం ద్వారా పాత నిబంధనను చేరి, అక్కడి నుంచి యూదుమతం వైపు నడిచిన వీళ్ల ప్రయాణం ఈ వ్యాసంలోని చరిత్రకు ఎదురుదిశలో సాగింది.

అమెరికా రాజకీయాల్లో మతాంతరీకరణ చర్చ తెలుగు మూలాలున్న కుటుంబాన్నీ తాకింది. 2019లో కేథలిక్‌గా మారిన ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్, హిందువైన తన భార్య ఉషా చిలుకూరి వాన్స్ ఏదో ఒకనాడు క్రైస్తవం వైపు మొగ్గుతుందని ఆశిస్తున్నట్లు 2025 అక్టోబరులో మిసిసిపీలో ఒక సభలో చెప్పాడు. విమర్శలు రాగా, మతం మారే ఆలోచన ఆమెకు లేదని, తన ప్రేమలో మార్పు ఉండదని వివరించాడు. యూదుల విషయంలో తరతరాలుగా లేచిన ప్రశ్నే హిందూ పాఠకుల ముందుకు ఈసారి వచ్చింది. ఇంట్లో చెబితే ఒక భర్త ఆశగా మిగిలే మాట, ఉపాధ్యక్షుడు వేదికపై చెప్పేసరికి లక్షలమంది తమ చోటు ఏమిటని ఆలోచించే మాటగా మారింది.